కదిలితేనే మనిషి

వీడియో చూడనిదే ఏ ఆస్పత్రీ రోగిని గుమ్మం ఎక్కనివ్వని రోజులవి. అందుకే అనకాపల్లిలో పైడిరాజు గారు వంటగది ముందు జారిపడగానే, కోడలు హైమ గోడ మీది కెమెరాను డాక్టరుకు కలిపింది. కెమెరాలోని చిప్పు వీడియోను కుదించి రెప్పపాటులో పంపేసింది. ఆ వేగం కోసం అది కదలని వాటన్నిటినీ నేలలోనో గోడలోనో కలిపేస్తుంది.

"నేల శుభ్రంగా ఉందమ్మా. రోగి ఎక్కడ?" అన్నాడు డాక్టరు.

"నా ముందే ఉన్నారండీ. కాలు కదపలేకపోతున్నారు." అంది హైమ.

"కదలకపోతే కనిపించరు. ఒకసారి లేవమనండి."

పైడిరాజు గారు నొప్పిని పళ్ళ బిగువున ఆపి చెయ్యి ఊపారు.

"ఇప్పుడు చెయ్యొకటి వచ్చింది. చెయ్యి బాగానే ఉందమ్మా," అన్నాడు డాక్టరు సంతృప్తిగా. మనిషి మొత్తం కనిపించాలంటే చిప్పుతో కాక సాఫ్ట్‌వేర్‌తో వీడియోను నెమ్మదిగా కుదించాలనీ, దానికి రేపటిదాకా పడుతుందనీ చెప్పాడు.

"రేపటిదాకా ఈ నేలమీదేనేటమ్మా?" అన్నారు మామగారు.

హైమ ఇక ఆగలేదు. పక్కింటి ఆటోలో ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తోసింది. కాలూ చెయ్యీ కదపని మామగారు గేటు కెమెరాలో స్ట్రెచర్‌లోనే కలిసిపోయి కనిపించలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. ఎదురుగా నిజం మనిషిని చూసి డాక్టరు కాస్త కంగారుపడ్డా, విరిగిన కాలికి కట్టు బాగానే కట్టాడు.

"నెల్లాళ్ళు అస్సలు కదలకూడదు," అన్నాడు చివరికి.

"అలాగైతే మీకెలాగ కనిపిస్తాను బాబూ?" అని దిగులుగా అడిగారు పైడిరాజు గారు.