మూడో పిలుపు

సంతోష్‌కుమార్ తాళంలో చెవి పెట్టబోతుంటే పక్కనించి మాటొచ్చింది.

“తియ్యకు బాబూ.”

ఉలిక్కిపడ్డాడు. ఇందాక చుట్టూ తిరిగి చూసినప్పుడు అరుగు మీద ఎవరూ లేరు. ఇప్పుడు స్తంభానికి జారగిలబడి ఓ ముసలావిడ కూర్చుని ఉంది.

“ఇల్లు సూడ్డానికొచ్చేవా?”

“అవునమ్మా. రేపే రిజిస్ట్రేషన్.”

చోడవరంలో, వడ్డాది రోడ్డు పక్కన పాత పెంకుటిల్లు అది. వైజాగ్‌లో కంపెనీ ఉద్యోగం చేసి కూడబెట్టిందంతా దీనిమీదే పోస్తున్నాడు పాపం. అలాగని తొందరపాటు మనిషి కాదు. వంకాయలు కొనాలన్నా నాలుగు బళ్ళు తిరిగే రకం. రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించేడు, పాత దస్తావేజులన్నీ చదివేడు. ఆ ఇల్లు ఎవరి చేతినించి ఎవరి చేతికొచ్చిందో గడగడా అప్పజెప్పగలడు.

“కొనకు బాబూ. ఇది నా ఇల్లు. నానెవులికీ అమ్మనేదు.”

“నీ పేరేటమ్మా?”

“మంగాయమ్మ.”

వెన్నులోంచి చలి పుట్టుకొచ్చింది. ఆ పేరు తెలీకపోవడమేం, రాత్రే కదా చదివేడు! మంగాయమ్మ పోయింది, పిల్లల్లేరు, ఇల్లు మరిది కొడుకు సూర్యతేజకి వచ్చింది, అతనే ఇప్పుడు అమ్ముతున్నాడు. ఆవిడ మరణ ధ్రువపత్రం జిరాక్సు అతని సంచిలోనే ఉంది.

మిట్టమధ్యాహ్నం. వీధిలో నరమానవుడు లేడు.

ఆవిడకి నీడ పడుతోందా అని చూసేడు. చూరు కింద కూర్చుంది, ఎలా పడుతుంది? పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమో చూద్దామంటే చీర కుచ్చిళ్ళు కప్పేసేయి.

“అలా సూస్తావేటి? నానున్నానంటే ఎవులూ నమ్మరు. ఒక్కపాలి నాతో ఎమ్మార్వో ఆఫీసుకి రా బాబూ. నన్ను సూసేనని ఓ మాట సెప్పు. నాకింకేటీ ఒద్దు.”

సంతోష్‌కుమార్ నోరు పిడచకట్టుకుపోయింది.

“కూసిన్ని నీళ్ళున్నాయా?”

సంచిలో సీసా ఉంది. ఇవ్వడానికి చెయ్యి రాలేదు. వెనక్కి వెనక్కి నడిచి బండి దగ్గర పడ్డాడు.

“బాబూ!”

చిన్నప్పుడు దేవరాపల్లిలో వాళ్ళ మామ్మ మరీ మరీ చెప్పేది. “దెయ్యం రెండుసార్లే పిలుస్తాదిరా. మూడోసారి పిలిస్తేనే మనిషి. అప్పుడే పలుకు.”

“బాబూ...”

ఊపిరి బిగబట్టి మూడో పిలుపు కోసం ఆగేడు.

రాలేదు.

ఇంకేముంది! బండెక్కి వెనక్కి చూడకుండా వైజాగ్ దాకా ఒకటే పరుగు.

మర్నాడు పొద్దున్నే, ఈ ఇల్లు నాకొద్దని సూర్యతేజకి చెప్పి తాళంచెవి ఇచ్చేద్దామని వచ్చేడు. ఇంటి ముందు జనం. ఎదురు టీకొట్టు అప్పలనరసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

“ఏటయింది?”

“మంగాయమ్మ పోనాది బాబూ.”

“ఆవిడ... ఎప్పుడో పోయింది కదా?”

“ఎవులు సెప్పేరు? ఆ సూర్యతేజగాడు దొంగకాయితం పుట్టించి ఇంట్లోంచి గెంటీసినాడు, ఆడి సేతులు పడిపోను! కోటపాడులో సెల్లెలింటికాడ తలదాసుకుంది. కొనీవోలు మోసపోకూడదని, ఎవులొస్తన్నారని తెలిసినా నాను కబురెడితే ఎండలో పడొచ్చి సెప్పీది. అందరూ దెయ్యమని పారిపోయీవోలే.”

సంతోష్‌కుమార్ చూపు అరుగు మీది స్తంభం దగ్గరికి పోయింది.

“నిన్న నాను కొట్టెనకాల ఇంట్లోకి అన్నానికెల్లేను. బాబూ, బాబూ అని ఎవుల్నో పిలిసింది. రెండుపాలులు ఇన్నాను. మూడోపాలికి గొంతు రానేదు. ఎల్లి సూసేసరికి ఒరిగిపోనాది.”

అతను అరుగు మీదే చతికిలబడి, సంచిలోంచి ఆ జిరాక్సు తీసేడు.

అందులో రాసిన చావు నిన్న మధ్యాహ్నం దాకా అబద్ధమే.