దొడ్డు గొంతు

బహ్రెయిన్ సల్మాబాద్‌లోని ఓ గోదాములో చర్చి వాళ్ల పాటల ప్రాక్టీసు ముగిసింది. పాట మూడువందల ఏళ్ల నాటిది. ఒక గొంతు ఎత్తుకున్న వరసనే మిగతావి ఒకదాని వెనక ఒకటి అందుకుంటాయి. మాటలు అర్థం కాకపోయినా, బయట కూర్చుని వినే వాచ్‌మన్ దేవన్నకు అదంటే ప్రాణం.

"ఆ నాలుగో ఆయన, దొడ్డు గొంతాయన, మస్తు పాడిండు," అన్నాడు తాళం వేస్తూ.

పాడినవాళ్లలో ఒకడైన షాలేమ్ మెట్టు మీదే ఆగిపోయాడు. "ముగ్గురమే పాడాం అన్నా. ఆ గొంతు సుందర్‌రాజుది. పోయిన నెలే శవాన్ని ఇంటికి పంపించాం."

ముగ్గురూ బస్సెక్కి వెళ్లిపోయారు. చీకట్లో ఒంటరిగా మిగిలిన దేవన్న భయం పోవడానికి కూనిరాగం తీశాడు. తీరా చూస్తే అదే వరస. చటుక్కున నోరు మూసుకున్నాడు.

తాళం వేసిన తలుపు వెనక, సరిగ్గా అందుకోవాల్సిన చోట, దొడ్డు గొంతు అందుకుంది.