వెంట వచ్చేది

“ఆ పచ్చబొట్టు తీయించుకుని రా. కారు గేటు దగ్గరుంది, యల్లా, త్వరగా!” అంది అరబ్బు ఇంటి యజమానురాలు హుస్నా.

ఆ ఇంట్లో పనిచేసే రెడ్డెమ్మ ఎడమ చేతిని గబుక్కున చున్నీ కింద దాచుకుంది.

“మామా, ఇది మా అమ్మ పొడిచింది. చచ్చినాక నగలన్నీ ఊడబీకుతారు. వెంటొచ్చేది పచ్చబొట్టొకటే మామా” అని వచ్చీరాని అరబ్బీలో బతిమాలుకుంది. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు.

“హరామ్ అది. ఆ చేత్తోనే కదా మా అమ్మకు నమాజు ముందు కాళ్లూ చేతులూ కడుగుతున్నావు! క్లినిక్ డబ్బు నేనే కడతాను. వద్దంటావా, ఊరికి టికెట్ తీస్తాను. ఖలాస్.”

హుస్నా మాటంటే మాటే. ఊళ్లో రెడ్డెమ్మ ఇంటి పొయ్యి వెలిగేది ఈ జీతంతోనే. ఇంకేం చేస్తుంది? వెళ్లేముందు పెద్ద మామా మొహం కడిగి వద్దామని ఆవిడ గదిలోకి పోయింది.

పెద్ద మామా, అంటే హుస్నా తల్లి, అద్దం ముందు కూర్చుని ఉంది. ఎడారి గుడారంలో పుట్టిన మనిషి. మతిమరుపు ముదిరి కన్నకూతురినే పోల్చుకోవడం లేదు, ఇక తన మొహం ఏం గుర్తుంటుంది! రోజూలాగే అద్దంలోకి వేలు చూపించి, “ఎవరీ ముసలిది? బయటికి పంపించు” అంది. రోజూలాగే గడ్డం మీద తెల్లగా పాలిపోయిన చోట తడుముకుంది. అది ఎప్పుడో కాలిన మచ్చ అనుకునేది రెడ్డెమ్మ.

తడిగుడ్డతో మొహం తుడుస్తూ రెడ్డెమ్మ తెలుగులోనే మొదలుపెట్టింది. ఆవిడకు ఏ భాషైనా ఒకటే, పాపం, అడ్డు చెప్పకుండా వింటుంది.

“సూడు పెద్దమామా, ఇది మా కొండ. ఇది కొండ కింద సెలమ. మేం ఎరుకలోళ్లం, పచ్చబొట్లు పొడిసేదే మా అమ్మ పని. నాకూ నేర్పింది. తెల్లదొరలు మా తాతలోళ్లని దొంగలని రాసి కొండ మింద నుంచి తరిమేసినారంట. నేల వెంట రాదు గదా, అందుకని ఒంటికి పొడిపిచ్చుకున్యారు. ఈ పొద్దు ఇది గుడక పాయ...” అని ఎడమ చెయ్యి ముందుకు చాపింది.

పెద్ద మామా ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది. కొండను వేలితో నిమిరింది. ఏమనుకుందో ఏమో, బల్ల మీది కాటుక పుల్ల తీసి రెడ్డెమ్మకిచ్చి, ఆ చేతిని తన గడ్డం దగ్గరకు లాక్కుంది.

“ఇక్కడ” అంది. రెడ్డెమ్మ చుక్క పెట్టింది. “ఇక్కడ. ఇక్కడ.”

మూడు చుక్కలు. మూడూ సరిగ్గా ఆ తెల్లమచ్చలోనే.

“అయ్యో తల్లీ, నీకూ తీయించేసినారా!” అని రెడ్డెమ్మ నోరు నొక్కుకుంది.

ముసలావిడ అద్దంలోకి చూసింది. చూసి చంటిపిల్లలా నవ్వింది. “నేనే!” అంది.

“ఇంకా ఎంతసేపు? యల్లా...” అంటూ తలుపు తోసుకొచ్చిన హుస్నా గుమ్మంలోనే ఆగిపోయింది.

తల్లి ఇటు తిరిగింది. “హుస్నా! ఎప్పుడొచ్చావే బిడ్డా? అన్నం తిన్నావా?”

ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో! హుస్నా నేల మీద కూలబడి తల్లి మోకాళ్లు పట్టుకుని భోరుమంది. “నేనే తీయించానమ్మా, ఇదే క్లినిక్‌లో నేనే తీయించాను” అంది. కూతురి ఏడుపు చూసి తల్లికీ కళ్లు కారాయి. ఆ తడికి గడ్డం మీద ఒక చుక్క చెరిగింది.

హుస్నా కంగారుగా లేచి, రెడ్డెమ్మ ఎడమ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“రెడ్డెమ్మా, కడిగినా పోని చుక్కలు పెట్టడం నీకు వచ్చా?”