రెల్లు సీవాళి

ఆదిమూలం ఆ ప్లాస్టిక్ పీకను పెదవుల మధ్య పెట్టుకుని ఒకసారి ఊది, తీసి కొడుకు అరచేతిలో పెట్టేశాడు.

"ఇది నాకొద్దు. రెల్లయితే పెదవికి అన్నీ చెప్తాది. ఇది ఏమీ చెప్పదు."

మునిశేఖర్‌కు ఒళ్లు మండింది. దానికోసం మద్రాసు దాకా పోయి వచ్చినవాడాయె. నాదస్వరం కొసన పెట్టి ఊదే ఆ చిన్న పీకను వాళ్లిళ్లలో సీవాళి అంటారు. తాతల కాలం నుంచీ ఏటిగట్టున మొలిచే రెల్లుతో చేసిందే వాడుతున్నారు. రెల్లు సీవాళిని పసిబిడ్డను సాకినట్టు సాకాలి. ఎండకు పగులుతుంది, చలికి బిగుసుకుంటుంది, నోటి తడి తగలకుంటే పలకనే పలకదు. ఈ ప్లాస్టిక్‌దానికి ఆ గారాబాలు లేవు. కడిగి జేబులో వేసుకుంటే సరి. తిరుపతి కల్యాణమండపాల్లో మునిశేఖర్ ఊదేది దాంతోనే.

పోయినేడు ఏమైందో ఊరంతా ఎరుగుదురు. కార్వేటినగరం అవతలి ఆ పల్లెలో, ఉత్సవం పొద్దున పల్లకి వీధిలో ఉండగా ఆదిమూలం సీవాళి నిలువునా చీలింది. ఇంకోటి తడిపి పలికించేలోగా స్వామి మేళం లేకుండానే వీధి మలుపు దాటిపోయాడు. పల్లకి లేచింది మొదలు దించేదాకా నాదస్వరం ఆగకూడదని ఆ గుడి కట్టుబాటు. ఈసారి గానీ తప్పు జరిగితే తిరుత్తణి నుంచి వేరే మేళాన్ని పిలిపిస్తామని పెద్దలు కబురు పంపారు. ముత్తాత నాటి సేవ. అది పోతే ఆదిమూలం బతికున్నా లేనట్టే.

అందుకే మునిశేఖర్ ఉత్సవానికి ముందే వచ్చి తండ్రి ఎదుట కూర్చున్నాడు. నచ్చజెప్పాడు, బతిమాలాడు. ఆదిమూలం కొడుకు ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు తప్ప ఔననలేదు, కాదనలేదు. వయసు మీద పడేకొద్దీ ఆయనకు మాట తగ్గిపోయింది. తిరుపతి నుంచి ఫోన్ చేసినా తల్లి సిద్ధమ్మే ఎత్తి, మీ నాయన ఇప్పుడే గుడికి పోయినాడనో, నిద్రపోతా ఉండాడనో చెప్పి పెట్టేసేది.

చివరకు కొడుకు పందెం కాశాడు. "నీ ఎనక నిలబడి రెండూ ఊదుతా నాయనా. యాది రెల్లుదో చెప్పు. చెప్తివా, ఇంక నీ మాటే నా మాట."

వెనక నిలబడి ఒకదాని తర్వాత ఒకటి ఊదాడు. ఆదిమూలం గోడవైపు చూస్తూ అట్లాగే కూర్చున్నాడు. సిద్ధమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే తల తిప్పి, "నా నోట్లో పెట్టు, చెప్తా" అన్నాడు.

"ఊదేవానికి తప్ప ఇనేవానికి తెలియని తేడా ఎందుకు నాయనా? దేవుడు పాట ఇంటాడా, పీకను సూస్తాడా?"

"వదిలెయ్‌రా శేఖరా," అంది సిద్ధమ్మ. "ఆయనకు అదే అలవాటు."

"నువ్వు సరే. నీ మొగుడు బావిలో దూకమంటే దూకేటట్టుండావు."

"దూకే కదరా నిన్ను కనింది."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ ఇంట్లో మొండివాళ్లు ఇద్దరు. ఉత్సవం పొద్దున తండ్రి తలపాగా చుట్టుకుంటుండగా మునిశేఖర్ ఆయన నాదస్వరానికున్న రెల్లు సీవాళిని తీసి తన నడుముకు దోపుకున్నాడు. దాని బదులు, ముందే టీ డికాషన్‌లో నానబెట్టి రంగు ఎక్కించిన ప్లాస్టిక్‌దాన్ని పెట్టాడు. ఇదంతా ఆయన సేవ నిలబెట్టడానికే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

గోవిందా అంటూ బోయీలు పల్లకి ఎత్తారు. ఆదిమూలం నాదస్వరం నోటికి ఆనించి, టక్కున ఆగి, కొడుకు వైపు చూశాడు. కొడుకు చూపు తిప్పుకున్నాడు. పల్లకి లేచాక ఇంక చేసేదేముంది? ఊదాడు.

మొదటి వరస బాగానే నడిచింది. రెండో వరసలో స్వరం శృతి నుంచి జారింది. జారి, ఇంక అక్కడే ఉండిపోయింది. డోలు వాయించే తులసీరాం ఉలిక్కిపడ్డాడు. జనం ముఖాలు చూసుకున్నారు. మునిశేఖర్ తన నాదస్వరంతో దాన్ని కప్పాలని గట్టిగా ఊదాడు. ఆదిమూలం మాత్రం ఏమీ జరగనట్టే, కొడుకు వేళ్ల వంక చూస్తూ నింపాదిగా ఊదుకుంటూ పోయాడు. వీధి చివర తులసీరాం తలవంచుకుని డోలు దెబ్బ తగ్గించాక గానీ ఆయన ముఖం నల్లబడలేదు. అయినా పల్లకి దించేదాకా ఆపలేదు.

పెద్దలు తిట్టలేదు. ఇంక చాల్లే ఆదిమూలమప్పా, విశ్రాంతి తీసుకో అన్నారు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి ఆదిమూలం నడవలో వీధివైపు తిరిగి కూర్చున్నాడు. మునిశేఖర్ వెనక నిలబడి మనసులో ఉన్నదంతా కక్కేశాడు.

"పంతం గెలిచినావు గదా నాయనా. ప్లాస్టిక్‌ది పనికిరాదని సూపించేదానికి దేవుని ముందర అపశృతి ఊదినావు. నీ సేవను నువ్వే పోగొట్టుకున్యావు."

తండ్రి తిరగలేదు. ఆ నిర్లక్ష్యానికి కొడుకు ఇంకా రగిలిపోయి, నడుమున దోపుకున్న రెల్లు సీవాళిని తీసి ఆయన ముందుకు విసిరాడు. ఆదిమూలం దాన్ని తీసుకుని, పంచెకు తుడిచి, చాలాసేపు నోట్లో నానబెట్టాడు. నాదస్వరానికి బిగించి, కళ్లు మూసుకుని, వీధిలో చెడిపోయిన ఆ వరసనే మళ్లీ ఊదాడు. వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

"సూసినావా అమ్మా? కావాలనే చేసినాడు."

సిద్ధమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మొగుడు అక్కడే కూర్చున్నా గొంతు తగ్గించలేదు.

"మీ నాయనకు చెవులు ఇనపడవురా."