చూడబాక అక్కా

గరిటెలాంటి ముక్కున్న ఉల్లంకి పిట్ట చలికాలంలో ఉత్తరదేశాల నుంచి ఎప్పుడో గాని పులికాట్‌కు రాదు. కామాక్షి, మస్తానమ్మ దానికోసం ఏటా ఆ సరస్సు బురదలో తిరిగేవారు. ఇద్దరూ ఒక్కసారీ చూడలేదు.

అప్పటికి మామూలు కళ్లజోళ్లు దొరకడం లేదు. కొత్తవి, మనిషి చూసిందల్లా అప్పటికప్పుడే లోకానికి చూపిస్తాయి. అరుదైన పిట్ట కనిపిస్తే దాన్ని వీడియో తీసే డ్రోన్లు గుంపులుగా వచ్చేస్తాయి. కిందటేడు ఎవరికో కనిపించిన ఉల్లంకి వాటికి బెదిరి, మేత వదిలేసి సముద్రం మీదికి ఎగిరిపోయింది. అలసిపోయి నీళ్లలో పడింది.

ఆ ఉదయం కళ్లజోడు అక్కర్లేని మస్తానమ్మ ముందు నడుస్తూ చటుక్కున ఆగింది.

"అక్కా, ఇటు చూడబాక. జోడు తియ్. పిట్ట ఉండాది."

జోడు లేకపోతే కామాక్షికి తన చేతివేళ్లే కనిపించవు. కాసేపు తల వంచుకుని నిలబడింది. తర్వాత జోడు తీసి సంచిలో పెట్టింది.

"ఏం చేస్తా ఉందిమే?"

"మూతి బురదలో పెట్టి అటూ ఇటూ తిప్పతా ఉంది. ఆకలి మీదుంది పాపం."

"తిననీ. నువ్వు చెప్తా ఉండు."

పొద్దెక్కాక, కడుపు నిండిన పిట్ట తనంతట తానే లేచింది. కామాక్షికి రెక్కల చప్పుడు వినిపించింది.