పది రోజుల కాపలా

పది రోజుల తర్వాత చేను చూసి గట్టు మీదే గంతులేశాను. నూట ఇరవై రకాల సోయా, సాలుకొక రకం. తెగులు అంటించే తెల్లదోమని నేనే తెచ్చి వదిలాను. అయినా ఒక్క ఆకు మీదా పసుపు మచ్చ లేదు!

"అత్తయ్యా, అన్నీ తట్టుకున్నాయి! నూట ఇరవైకి నూట ఇరవై!" అంటూ ఆవిణ్ణి పట్టుకుని గిరగిరా తిప్పేశాను. నేను ఊళ్లో లేనన్నాళ్లూ చేనుకి కాపలా ఆవిడే.

"ఆగవే, కళ్లు తిరుగుతున్నాయి! మరి తట్టుకోవూ? రోజూ పొద్దున్నే వచ్చి పసుపెక్కిన మొక్కనల్లా పీకి తగలబెట్టాగా! కోడలి చేలో తెగులంటే నలుగురూ నవ్విపోరూ?"

నా గంతులు ఆగిపోయాయి. అప్పుడు కనబడ్డాయి, సాళ్ల నిండా బోసినోటిలా ఖాళీలు. నా నాలుగేళ్ల కష్టం బూడిదలో కలిసింది.

గట్టు మీద కూలబడ్డాను. "ఆ తెగులు నేను కావాలని తెచ్చుకున్నదండీ. ఏ రకానికి వస్తుందో, దేనికి రాదో తేల్చుకుందామని."

అత్తయ్య నోరు నొక్కుకున్నారు. చేనంతా ఓసారి కలియజూసి, నా చెయ్యి పట్టుకుని బరబరా ఆ చివరికి లాక్కెళ్లారు.

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ! మిగతావన్నీ నా నడుం విరగ్గొట్టాయి. ఈ సాలు దగ్గర మాత్రం పది రోజుల్లో ఒక్కసారి కూడా వంగలేదు."

ఆ సాలు ఒక్క ఖాళీ లేకుండా నిండుగా ఊగుతోంది.

ఈసారి గిరగిరా తిప్పింది అత్తయ్యే.