పిన్నీసు పెట్టిన చెప్పు

తెర నిండా ఒక చెప్పు.

తడిసిన ఎర్రటి హవాయి చెప్పు. ఇసుకలో బోర్లా పడి ఉంది. పట్టీ ఊడిపోకుండా అడుగున పిన్నీసు గుచ్చి ఉంది.

మీరాబీ పక్క సీట్లో ఉన్న భర్త మణికట్టు పట్టుకుంది.

ఆ పిన్నీసు పెట్టింది తనే. పన్నెండేళ్ళ కిందట, కూతురు హుమేరా బడిపిల్లలతో కలిసి రామాపురం బీచికి వెళ్ళిన రోజు పొద్దున. "సాయంత్రం వచ్చాక కొత్తవి కొందాంలే" అని కూడా అంది.

ఎనిమిదేళ్ళ పిల్ల. సముద్రం ఒక చెప్పును మాత్రం ఒడ్డున పడేసింది. పిల్ల దొరకలేదు.

భర్త సైదావలి రేపల్లెలో తెలుగు మాస్టారు. ఆ తర్వాత రెండేళ్ళు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. బడి నుంచి వచ్చి తలుపేసుకుని ఒక నవల రాశాడు. సముద్రం అడుగున ఉప్పుతో కట్టిన కోట, దాన్ని ఏలే రాజు, ఆ రాజు ఎత్తుకుపోయిన ఒక చిన్నపిల్ల. మాయల కథ అన్నారు జనం. పేరొచ్చింది. ఇప్పుడు సినిమా అయింది.

మీరాబీకి ఉర్దూ చదవడమే వచ్చు, తెలుగు రాదు. "దేని గురించండి?" అని అప్పట్లో ఒకసారి అడిగింది.

"రాజుల కథలే" అన్నాడు.

తెర మీద ఉప్పుకోట కూలింది. నీళ్ళు రెండుగా చీలాయి. పిల్ల నడుచుకుంటూ ఒడ్డుకొచ్చి తల్లిని చుట్టేసింది.

తెనాలి హాలంతా ఈలలు.

మీరాబీ లేచి నిలబడింది. వెనకవాళ్ళు "కూర్చోండమ్మా" అంటున్నా వినిపించుకోలేదు.

బయట గౌతమ్ కాచుకుని ఉన్నాడు. సినిమాల్లో దాగిన అర్థాలు విడమరిచి చెప్పే యూట్యూబ్ ఛానల్ అతనిది. నవల ఐదుసార్లు చదివాడట.

"సార్, ఉప్పుకోట అంటే కరిగిపోయే అధికారం. అది పుస్తకంలోనే పట్టుకున్నానండి. మరి ఆ చెప్పు? పుస్తకంలో ఒక్క ముక్కే, ఇక్కడ అంతసేపు చూపించారు. పిన్నీసంటే, తెగిపోతున్న వ్యవస్థకి మనం వేసుకునే అతుకు. అంతేనా సార్?"

సైదావలి సభల్లో చెప్పే మాటే చెప్పాడు.

"అలా కూడా అనుకోవచ్చు బాబూ."

గౌతమ్ మొహం వెలిగిపోయింది. మైకు మీరాబీ వైపు తిప్పాడు. "మీకేమనిపించిందమ్మా?"

"అది పిన్నీసు బాబూ" అంది మీరాబీ.

రేపల్లె ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుంది. వేమూరు దాటాక అడిగింది.

"పుస్తకంలో కూడా అలాగే తిరిగొస్తుందా, పిల్ల?"

"లేదు. అది సినిమావాళ్ళు మార్చుకున్నారు."

"మరి పుస్తకంలో?"

"తల్లి ఒడ్డునే నిలబడి ఉంటుంది. అక్కడితో అయిపోతుంది."

మీరాబీ అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. అందుకే అతనికి భయమేసింది.

"రాసేది మీరే కదండీ" అంది. "ఆపేవాళ్ళు కూడా ఎవరూ లేరు. మీరెందుకు తీసుకురాలేదు?"

ఆ ముగింపు గురించి అతను ఎన్ని సభల్లో మాట్లాడాడో. ఇప్పుడు చేతిలోని టికెట్లను మడతలు పెడుతూ కూర్చున్నాడు.

"వాళ్ళు మన పిల్లని చూడనైనా లేదు" అంది మళ్ళీ, తనలో తను అనుకున్నట్టు. "అయినా తెచ్చారు."

రేపల్లె వచ్చింది. ఆఖరి స్టేషను. పెట్టె ఖాళీ అయింది. సైదావలి దిగి, వెనక్కి తిరిగి చెయ్యందించాడు.

మీరాబీ కదలలేదు.

"మీరు ఇంటికెళ్ళండి. ఈ బండే మళ్ళీ తెనాలి పోతుందటగా" అంది, బురఖా సర్దుకుంటూ. "మొదటాట అందుతుంది."